కొల్లేటి పక్షులకు లెక్క రాసేవారు

ఒక చెరువును గురించి ఎక్కువ తెలిసినవారెవరని అడిగితే, ఆ గట్టున పుట్టి పెరిగినవారేనని ఎవరైనా చెబుతారు. నీటి రంగు మారితే రేపు ఏ చేప వలలో పడుతుందో చెప్పగల వృద్ధులు కొల్లేటి లంకల్లో నేటికీ ఉన్నారు. అయితే ఈ తెలివిడి ఎక్కడా కాగితం మీదికి ఎక్కలేదు. అధికారి అడిగినా, న్యాయస్థానం అడిగినా, పరిశోధకుడు అడిగినా సాక్ష్యంగా నిలిచేది రాసిపెట్టిన లెక్క ఒక్కటే. ఆ లెక్క రాయడం నేర్పి, నేర్చుకున్నవారికి యోగ్యతాపత్రం ఇచ్చి, సొంత ఊరి ప్రకృతికి వారిని స్వచ్ఛంద పరిశీలకులుగా నిలబెట్టే శిక్షణ ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాలకు అత్యవసరమని నా అభిప్రాయం.

ఈ పనికి జంతుశాస్త్రంలో పట్టా ఉండాలన్న భయం అక్కరలేదు. కొల్లేటి ప్రాంతంలో ఆరేడు అనే గ్రామం వద్ద గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు కట్టుకొంటున్న సంగతిని 1946లో లోకానికి తెలియజేసినవాడు కె.కె. నీలకంఠన్. ఆయన చదివినది, చెప్పినది ఆంగ్ల సాహిత్యం. పక్షులను చూడడం ఆయన అభిరుచి. అప్పుడు అక్కడ దాదాపు మూడువేల గూడబాతులు ఉన్నట్లు ఆయన గుర్తించాడు. ఆ వివరాలతో ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వెలువడింది. తరువాతి కాలంలో ఆయనే కేరళ పక్షులను గురించి మలయాళంలో ప్రామాణిక గ్రంథం రచించాడు. 1974 ప్రాంతానికి ఆ గూడబాతులు తమ పాత స్థావరాన్ని విడిచిపెట్టాయి. 1946 నాటి లెక్క ఉండబట్టే ఎంత పోగొట్టుకున్నామో నేడు చెప్పగలుగుతున్నాము. ఊరికొక పరిశీలకుడు ఏటేటా గూళ్లను, నీటి లోతును, చెట్ల సంఖ్యను రాసి ఉంచితే, పక్షులు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు ఊహలతో జవాబు వెదుక్కోవలసిన అగత్యం ఉండదు.

నేడు కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు కట్టుకొంటున్నాయి. అటవీశాఖవారు నీటి నడుమ పాతిన ఇనుప స్టాండ్ల మీద అవి పుల్లలు పేర్చుకొని, పక్కనే ఎర్రకాళ్ల కొంగలతో ఇరుగుపొరుగుగా కాపురముంటాయి. వాటిని చూడడానికి వచ్చే యాత్రికునికి తరచుగా వినిపించే మాట, “ఇవి సైబీరియా నుండి వచ్చాయి” అని. పత్రికలూ అదే రాస్తుంటాయి. ఇది పొరపాటు. మచ్చల ముక్కు గల ఈ గూడబాతు దక్షిణాసియా పక్షి. భారతదేశం, శ్రీలంక మొదలైన దేశాల్లోనే పుట్టి, ఇక్కడే తిరిగి, ఇక్కడే పిల్లలను కంటుంది. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. హిమాలయాలు దాటి చలికాలానికి వచ్చేవి సూదితోక బాతుల వంటి వేరే పక్షులు. ఈ తేడా పండితులకు మాత్రమే పనికివచ్చేదని భావించరాదు. సైబీరియా చుట్టమైతే ఈ ఏడు రాకపోయినా వచ్చే ఏడు రావచ్చునని ఊరుకోవచ్చు. మన ఇంటి పక్షి అయినప్పుడు అది పోతే పోయింది మన ఇల్లే.

ఇటువంటి శిక్షణకు లోకంలో నమూనాలు లేకపోలేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1998లో ‘మాస్టర్ నాచురలిస్ట్’ అనే కార్యక్రమం మొదలైంది. కనీసం 40 గంటల శిక్షణ పొంది, మరో 8 గంటలు పై తరగతి పాఠాలు విని, 40 గంటలు ఊరికి సేవ చేసినవారికి అక్కడ యోగ్యతాపత్రం ఇస్తారు. గృహిణులు, పదవీ విరమణ చేసినవారు, ఉద్యోగులు అందరూ అందులో చేరవచ్చు. ఆ పద్ధతిలో నాకు నచ్చినది పరీక్ష కాదు, సేవ. చదివినది ఊరికి తిరిగి ఇచ్చేదాకా పత్రం చేతికి రాదు.

మన దేశంలోనూ దీనికి కావలసిన దినుసులన్నీ ఉన్నాయి, వంట మాత్రం జరగలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ఊరిలోని చెట్టు, చేప, పిట్ట, విత్తనం వివరాలతో ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయాలి. పాఠశాలల్లో జాతీయ హరిత దళాలు ఉన్నాయి. జీవజాతులను గుర్తించే సహాయకులకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలిచ్చే పథకమొకటి కేంద్ర పర్యావరణ శాఖ 2017లో ప్రారంభించింది. ఏలూరులో పాత కళాశాలలున్నాయి. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. వీటిని ఒక్క తాటిమీదికి తెచ్చేవారు కావాలి. కేరళవారు తెచ్చారు. 2015 నుండి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ రాష్ట్రమంతటా తిరిగి పక్షులను లెక్కించి, దేశంలోనే మొట్టమొదటి రాష్ట్రస్థాయి పక్షుల పటాన్ని సిద్ధం చేశారు. కొల్లేటి గూడబాతులను లెక్కించిన మనిషి ఆ గడ్డవాడే. మనకు ఈర్ష్య కలిగినా తప్పులేదు.

ఇక కొల్లేటి సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ సరస్సు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఒక పెద్ద పళ్లెం వంటిది. ఐదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల అయింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. ఆ గట్లలో పెద్ద పెట్టుబడిదారుల చెరువులూ ఉన్నాయి, చిన్న మత్స్యకారుల జీవనాధారాలూ ఉన్నాయి. నాటి నుండి కాంటూరు అన్న మాట లంక గ్రామాల్లో ఒక గాయం పేరు.

కష్టమైన ప్రశ్న ఇక్కడే పుడుతుంది. చెరువు పోగొట్టుకున్న ఇంటి పిల్లవాడు పక్షులను లెక్కించడానికి ఎందుకు రావాలి? అతని లెక్కే రేపు మరొక గట్టు తెగడానికి ఆధారమైతే? “మావాడు అటవీశాఖ వేగులవాడయ్యాడు” అని ఊరు అంటే అతని గతి ఏమిటి? ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టివేసేవారితో నేను ఏకీభవించను. అది అనుభవం నుండి వచ్చిన భయం. దానికి నాకు తోచిన సమాధానం ఒక్కటే. లెక్క మొదట ఊరిది కావాలి. పరిశీలకుడు రాసినది పంచాయతీ కార్యాలయం గోడమీద అందరికీ కనిపించాలి. పక్షులతోపాటు కొరమీను, జెల్ల, వాలుగ ఎంత పడుతున్నాయో, గుర్రపుడెక్క ఎంత మేర కమ్మిందో, పట్టణపు మురుగు ఏ కాలువలో దిగుతున్నదో కూడా అందులో ఉండాలి. చెరువులవారి తప్పును చూపే లెక్క మురుగు వదిలేవారి తప్పునూ చూపగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఆ నీరు చేరవలసిన చోటు కొల్లేరేనని అందరికీ గుర్తుకు వచ్చింది. ఉప్పుటేరు ఎంత వేగంతో లాగుతున్నదో రోజూ కొలిచి రాసే మనిషి లంకలో ఉంటే, అది అక్కడి ఇంటింటికీ అక్కరకు వచ్చే సమాచారం.

శిక్షణ ఎవరు ఇవ్వాలన్నదానిపైనా నాకొక పట్టుదల ఉంది. పక్షిశాస్త్రం తెలిసిన అధ్యాపకుడు సగం పాఠం చెప్పాలి. దోనె నడిపే మత్స్యకారుడు మిగతా సగం చెప్పాలి. నత్తగుల్ల కొంగ ఎక్కడ మేస్తుందో, నీటికాకులు ఏ వేళకు వాలుతాయో ఆయనకు తెలిసినంతగా పుస్తకానికి తెలియదు. లెక్కించే విద్య మాత్రం అధ్యాపకుడు నేర్పాలి. వేల పక్షుల గుంపును ఒక్కొక్కటిగా లెక్కించలేము. ముందు పదింటిని లెక్కించి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకొని, అటువంటి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడాలి. ఎంతసేపు చూశామో రాయాలి. ఏమీ కనబడని రోజున ‘ఏమీ లేవు’ అని తప్పక రాయాలి. కొత్తవారు మరచేది ఈ చివరి మాటనే.

స్వచ్ఛంద సేవ అన్నంత మాత్రాన ఖర్చంతా సేవకుడి నెత్తిన వేయడం ధర్మం కాదు. టెక్సాస్‌లోని ఉద్యోగి తన కారులో వెళ్లి వస్తాడు. గుడివాకలంక విద్యార్థికి బస్సు చార్జీ, దోనె కిరాయి, దుర్భిణి కావాలి. పట్టణంలో తీరిక గలవారికే దక్కే యోగ్యతాపత్రం కొల్లేటికి ప్రయోజనపడదు. పది కళాశాలలకు పది దుర్భిణులు కొనిస్తే, అవి ఒకరి తరువాత ఒకరికి చేతులు మారుతూ కొన్నేళ్లు నిలుస్తాయి. అమ్మాయిలు తెల్లవారుజామున సరస్సు మీదికి వెళ్లాలంటే తోడుగా అధ్యాపకురాలు ఉండాలి. ఆ ఏర్పాటు లేకుండా ‘అందరికీ అవకాశం’ అని ప్రకటించడం మాటవరసకే అవుతుంది.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ప్రతి జనవరిలో స్వచ్ఛంద కార్యకర్తల చేతనే సాగుతున్నది. శిక్షణకు ఆగస్టులో పేర్లు నమోదు చేసుకొంటే, జనవరి నాటికి ప్రతి లంకకు కనీసం ఇద్దరు సిద్ధంగా ఉంటారు. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి.