వికలాంగుల పింఛను - కొలువు భయము

సంగారెడ్డి జిల్లాలోని కోహీరు జామతోటలకు ప్రసిద్ధి. కాయలను తరములుగా విడదీసి గంపల కెత్తుట కూర్చుండి చేయదగిన పనియే. అట్టి పనికి వికలాంగుడు జంకినచో సోమరియని నిందింపవచ్చునా? 2014లో 1,500 రూపాయలతో నారంభమైన ఆసరా పింఛను 2019లో 3,016కు, 2023 జులైలో 4,016కు పెరిగినది. ఈ తుదిమొత్తమైనను దినమునకు 134 రూపాయలే. దీనితో సుఖించువా రెవ్వరు?

చిక్కు మొత్తమున లేదు, షరతున నున్నది. పింఛను పేదలకే గావున, చిన్న కొలువు దొరకినను పేరు కొట్టివేయుదురేమోయని భయము. కొలువు నాలుగు నెలలకే పోవచ్చును. పోయిన పింఛనుకై కచ్చేరీచుట్టు నెన్నిమారులు తిరుగవలెనో! 2016 నాటి చట్టము వికలాంగుల సాయము ఇతరుల సాయముకంటె నాల్గవవంతైన నధికముగా నుండవలెనన్నది. వైకల్యమునకే వేరు ఖర్చున్నదిగదా: మూడుచక్రముల బండి, తోడువచ్చు మనిషి, జహీరాబాదుదాక ఆటోకూలి. కొలువున చేరిన నీ ఖర్చు పెరుగునే గాని తగ్గదు. "దివ్యాంగు"లను బిరుదు దీనిని తీర్పదు.

కావున కొలువున చేరినవారికి రెండేండ్లవరకు పింఛను ఆపరాదు. పిదప తగ్గించినను క్రమముగా తగ్గింపవలెను. కొలువు పోయిన మరునెలనే, క్రొత్త దరఖాస్తు లేకయే, పూర్తిమొత్తమును పునరుద్ధరింపవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము.