కర్షకుని పనుల పట్టిక

మన సంఘ సభ్యులలో, ముఖ్యముగా యువకులలో, అనేకులు నేఁడు పనుల పట్టికను చేతి ఫోనులోనే వ్రాసికొనుచున్నారు. ఇది మెచ్చఁదగినదే. కాని సికింద్రాబాదు బోయినపల్లి మార్కెట్టునకు కూరగాయలు తెచ్చు కర్షకులు కొందరు తమ యాపులను మాకు చూపఁగా, ఒక్కొక్కరికి ఇరువదేసి ఫోల్డరులును, ఒక్కొక్క ఫోల్డరులో ఒకటి రెండు పనులును కనఁబడినవి. ఇది సర్దుట గాదు, దాఁచుట.

ఫోల్డరు గాదె వంటిది. ఒక గాదెలో పోసిన గింజ మఱియొక గాదెలో నుండనేరదు. ట్యాగు గోనెసంచిపై వేసిన ముద్రవంటిది. ఒకే సంచిపై ఊరిపేరును, రకమును, తూకమును వేయవచ్చును. ‘టమాట నారునకు మందు కొనుట’ అను పని మిట్టచేనునకును, మార్కెట్టు ప్రయాణమునకును గూడ చెందును. దానిని మిట్టచేని ఫోల్డరులో పెట్టినవాఁడు బోయినపల్లికి వచ్చిన దినమున దానిని చూడఁడు. ఖాళీ బండితో ఇల్లు చేరిన పిదప చూచును. 2004లో వెలువడిన జీమెయిలులో గూగుల్ వారు ఫోల్డరులకు బదులు, ఒకే ఉత్తరమునకు ఎన్నియైనను తగిలింపఁదగిన లేబుళ్లను పెట్టిరి. వారి కీప్ అను యాపులోను లేబుళ్లే కలవు.

మా అభిప్రాయమున ఇంటికొకటి, చేనికొకటి ఫోల్డరు చాలును. తక్కినదంతయు ట్యాగులకు వదలవలెను. ఆ ట్యాగుల పేర్లకై పరభాషలో వెదకనేల? మన పెద్దలు సంవత్సరమును 27 కార్తెలుగా విభజించి, పదుమూఁడు పదునాలుగు దినముల కొకటిగా పనులను వానికి ముడివైచిరి. జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించును. రోహిణి, మృగశిర, ఆరుద్ర అను మూఁడు ట్యాగులతోనే దుక్కి మొదలు విత్తుటవఱకు పనులన్నియు వరుసకు వచ్చును.

ఇక తేదీల మాట. వర్షాధారపు చేనికి ‘జూన్ 15న విత్తుట’ అని వ్రాసినచో, వాన రానినాఁడు యాప్ ఆ పనిని ఎఱ్ఱగా చూపి కర్షకుని తప్పు పట్టును. నాలుగు దినములిట్లు జరిగినచో అతఁడు ఎఱ్ఱరంగును లెక్కచేయుట మానును. అపాయ మిచ్చటనే యున్నది. ఋణపు గడువు కూడ ఆ యెఱుపులోనే కలిసిపోవును. 3 లక్షల రూపాయలవఱకు పంటఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల చెల్లించినవారికి కేంద్రప్రభుత్వపు ప్రోత్సాహకముగా 3 శాతము తగ్గి, 4 శాతమే పడును. 3 లక్షలపై ఆ 3 శాతము సంవత్సరమునకు 9,000 రూపాయలు. కావున విత్తుటకు ‘వాన పడిన పిదప’ అను ట్యాగు మాత్రము వేసి తేదీని విడువవలెను. ఋణమునకు తేదీయే వేయవలెను. అదియు గడువునకు పదునైదు దినముల ముందుది. ఈ రెంటిని ఒకే తీరున వ్రాయుట మాకు సమ్మతము గాదు.

ట్యాగులు మితిమీరుటయు చేటే. ‘ఎరువు’, ‘ఎరువులు’, ‘యూరియా’ అని ముగ్గురు మూఁడు విధముల వ్రాసినచో యాప్ వానిని మూఁడు వేఱు విషయములుగా నెంచును. ఇంటిలో అత్తయు, కోడలును, కుమారుఁడును ఒకే పట్టికను వాడునపుడు ముందుగా కూర్చుండి, పదింటికి మించకుండ మాటలు నిర్ణయించుకొనవలెను. కలుపు తీయుట చాల ఇండ్లలో స్త్రీల పనియే. ఫోను మాత్రము పురుషుని జేబులో నుండును. వారి చేతికి రాని పట్టిక ఎంత చక్కగా సర్దినను సగము పట్టికయే.

మఱియొక హెచ్చరిక. వండర్‌లిస్ట్ అను ప్రసిద్ధమైన జర్మను యాపును మైక్రోసాఫ్టు వారు 2015లో కొని, 2020 మే 6న మూసివేసిరి. దానిని వాడువారు తమ పట్టికలను వేఱొక యాపునకు తరలించుకొనవలసి వచ్చెను. యాప్ మన గిడ్డంగి గాదు, పరులది. కావున సభ్యులు ప్రతి కార్తె మొదట ఋణపు తేదీలను, ఎరువుల బాకీ గడువులను మాత్రము సంఘపు పాసుపుస్తకము వెనుకపుటలో సిరాతో వ్రాసి యుంచవలెనని మా విజ్ఞప్తి.