ఎల్బీడబ్ల్యూ అంటే తెలుసా మేడమ్?

2003 మార్చి 23, ఆదివారం. పాత పుస్తకాల కోసం ఆబిడ్స్ వెళ్లాను. సంచీ నింపుకుని నాంపల్లి వైపు తిరుగుముఖం పట్టేసరికి ఒక టీవీల షాపు ముందు గుంపు. అద్దాల వెనక ఉన్న టీవీలన్నిట్లో ఒకటే మ్యాచ్. జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. పాంటింగ్ మనవాళ్లని ఉతికి ఆరేస్తున్నాడు. ఫుట్‌పాత్ పొడవునా మగవాళ్లు. ఆడవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు కూడా, రోడ్డు మీదికి దిగి బస్సుల్ని తప్పించుకుంటూ పోతున్నారు. నాకు దిగబుద్ధి కాలేదు. నిలబడి చూడటం మొదలుపెట్టాను. ఒకాయన వెనక్కి తిరిగి ఎంతో మర్యాదగా "సీరియల్ కాదు మేడమ్, క్రికెట్" అన్నాడు. పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు: "ఎల్బీడబ్ల్యూ అంటే తెలుసా మేడమ్?" అందరూ నవ్వారు.

నాకు సరిగ్గా తెలియదు. తెలియనందుకు సిగ్గుపడి రోడ్డు మీదికి దిగిపోయాను. ఇన్నేళ్లయినా మనసులోంచి పోనిది ఆ నవ్వు కాదు, నా సిగ్గు.

ఎందుకు సిగ్గుపడాలి? లెగ్ స్టంప్‌కి అవతల పడిన బంతికి ఎల్బీడబ్ల్యూ ఇవ్వకూడదన్న సంగతి ఆ గుంపులో ఎందరికి తెలుసు? వాళ్లనెవరూ అడగరు. మగవాడు ఊరికే నిలబడి చూడొచ్చు, తప్పుగా మాట్లాడొచ్చు, మధ్యలో నిద్రపోవచ్చు. అభిమానిగానే లెక్క. ఆడది టీవీ ముందు కూర్చోవాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. పోనీ కష్టపడి అన్నీ నేర్చుకుని వస్తే, "అబ్బో, ఈవిడకి అన్నీ తెలుసే!" అని ఇంకో నవ్వు.

నా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ వస్తే వాళ్ల వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ ఒక ఇంట్లో చేరతాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎటు పోతోందో, ఆట నిమిషానికోసారి ఎందుకు ఆగుతోందో ఆ మగవాళ్లలో సగం మందికి తెలియదట. ప్రకటనల కోసం, మధ్యలో వచ్చే పాటల కోసం చూస్తున్నామని వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారట. శుభం! తెలియకపోవడం వాళ్లకి సరదా. అదే ఇంట్లో క్రికెట్ పెట్టిననాడు ఆడవాళ్లకి పాఠాలు చెప్పేదీ వాళ్లే. వడలు ఏ ఆటకైనా ఆడవాళ్లే వేస్తారు, అది వేరే సంగతి.

వేరే సంగతేమీ కాదు, అసలు సంగతే అది. మా అమ్మకి స్కోరు ఎప్పుడూ తెలుసు. వంటింట్లోంచి వినేది. ఎవరు అవుటయ్యారో హాల్లోని అరుపుల్ని బట్టి చెప్పేది. కానీ ఒక్క ఓవరు పూర్తిగా చూసిందా అంటే గుర్తు లేదు. ఆటగాళ్లు నీళ్లు తాగే వేళకి టీలు అందాలి, ఇన్నింగ్స్ అయ్యేసరికి కంచాలు పెట్టాలి. ఆటలోని విరామాలన్నీ ఆవిడ పని వేళలు. ఫుట్‌బాల్ లాంటి ఆటలు ముఖ్యమనీ, ఆడవాళ్ల బట్టల గోల అల్పమనీ లోకం విలువ కడుతుందని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే ఎత్తిచూపింది. నేను కోరేది ముఖ్యమైనదాన్ని కాదు. అల్పంగా, ఏ ప్రయోజనమూ లేకుండా మూడు గంటలు కాళ్లు చాపుకుని కూర్చోవడాన్ని.

ఇక మన సంగతి. స్త్రీవాదులం, రచయిత్రులం, అధ్యాపకులం. క్రికెట్ అంటే మార్కెట్ అనీ, యుద్ధోన్మాదమనీ, మగతనపు ఊరేగింపు అనీ రాశాం. నేనూ రాశాను. అబద్ధం రాయలేదు. కానీ ఆటని వాళ్లకే వదిలేసి చేతులు దులుపుకున్నాం. ఆడపిల్లలు ఆడుతున్నారన్న సంగతి మనకి పట్టలేదు. మొదటి మహిళల ప్రపంచకప్ జరిగింది 1973లో, మగవాళ్లకంటే రెండేళ్లు ముందు. రెండోది మన దేశంలోనే. 1978 జనవరి 13న ఇంగ్లండ్‌ని ఓడించి ఆస్ట్రేలియా ఆ కప్పు గెలిచింది ఎక్కడో తెలుసా? లాల్ బహదూర్ స్టేడియంలో! ఆబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరం. ఆ గోడ పక్కనుంచి ముప్పయ్యేళ్లు తిరిగిన నాకు ఈ ముక్క మొన్నమొన్నటిదాకా తెలియదు. ఆ కుర్రాడి ప్రశ్నకి సిగ్గుపడ్డాను గానీ, సిగ్గుపడాల్సింది దీనికి.

మన సికింద్రాబాద్‌లో బ్యాటు పట్టిన మిథాలీ రాజ్ 2002లో టాంటన్‌లో 214 కొట్టింది. 2005లో, 2017లో ఫైనల్‌కి నాయకత్వం వహించింది. లార్డ్స్‌లో 9 పరుగులతో ఓడిపోయిన ఆ రెండో ఫైనల్ తర్వాత గానీ దేశం చాలామటుకు తలతిప్పి చూడలేదు. 2022లో మ్యాచ్ ఫీజులు సమానం చేశామని బోర్డు ప్రకటిస్తే చప్పట్లు కొట్టాం. మరి 2024-25 వార్షిక ఒప్పందాలు? ఆడవాళ్లలో అత్యున్నత శ్రేణికి 50 లక్షలు. మగవాళ్లలో అట్టడుగు శ్రేణికి కోటి! ఈ లెక్క అర్థం కావడానికి ఏ ఎల్బీడబ్ల్యూ తెలియనక్కర్లేదు.

2025 నవంబర్ 2. అదీ ఆదివారమే. నాంపల్లిలో మా ఇంట్లో నలుగురం చేరాం. ముగ్గురం రిటైరైన లెక్చరర్లం, ఒకామె కథలు రాస్తుంది. పొయ్యి వెలిగించకూడదని ముందే ఒప్పందం. మిర్చి బజ్జీలు బండి మీద నుంచి, ఉస్మానియా బిస్కట్లు బేకరీ నుంచి. నవీ ముంబైలో వాన వల్ల ఆట ఆలస్యమైంది. వాన తగ్గిందాకా కోడళ్ల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. తీరా షెఫాలీ వర్మ కొట్టడం మొదలుపెట్టాక కోడళ్లెవరూ గుర్తు రాలేదు.

మా స్నేహితురాలిని దింపడానికి వచ్చిన వాళ్లాయన కుర్చీ లాక్కుని కూర్చుని వివరించడం మొదలుపెట్టాడు. "అన్నయ్యగారూ, మాకు అర్థం కాకపోతే అడుగుతాం లెండి" అన్నాను. పాపం, కాస్త నొచ్చుకున్నాడు. బజ్జీ ఇస్తే తిన్నాడు.

దక్షిణాఫ్రికా ఆటలో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బంతి అందుకుంది. ఇరవై ఒకటేళ్లది. మా కథా రచయిత్రి సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకుని "మన పిల్లే, మన పిల్లే" అంటోంది. బాష్ ఆడబోయింది, బంతి కాలికి తగిలింది, అంపైర్ వేలు ఎత్తింది. సున్నాకి ఎల్బీడబ్ల్యూ. ఎందుకిచ్చారో మా నలుగురిలో ఎవరం సరిగ్గా చెప్పలేం. అరిచాం. ఎంత అరిచామంటే కింది వాటాలోవాళ్లు తలుపు తీసి చూశారు.

తర్వాత వోల్వార్ట్ సెంచరీతో భయపెట్టింది. ఆమె కొట్టిన బంతి అమన్‌జోత్ చేతుల్లోంచి జారి, మళ్లీ జారి, చివరికి చిక్కేదాకా ఒక్కరం ఊపిరి తీసుకోలేదు. అర్ధరాత్రి 52 పరుగులతో గెలిచాక కప్పుని మిథాలీ చేతికి కూడా ఇచ్చారు. మేం ఏడ్చాం. అన్నయ్యగారు అప్పటికే కుర్చీలో నిద్రపోయాడు. ఆట తెలిసినవాడు కదా, లేపలేదు.