లేతు మూలుగుతున్నదని కొత్త లేతు కొనవలెనా?

భిలాయిలో తెలుగువారు ఎందరున్నారో ఖుర్సీపార్ వీధులలో ఒక సాయంకాలం నడిచినవారికి తెలుస్తుంది. 1955లో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన కాలం మొదలుకొని, ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు ఉపాధికై ఇక్కడికి వచ్చి స్థిరపడినవి. టర్నరుగానో ఫిట్టరుగానో పనిచేసి పదవీ విరమణ పొందినవారిలో కొందరు ఇంటి వెనుక రేకుల షెడ్డులో పాత లేతు ఒకటి పెట్టుకొని, చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చే పంపు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, బండి ఇరుసులు బాగుచేస్తున్నారు. ఇటువంటివారికి అప్పు ఇచ్చే విషయంలో మన బ్యాంకులవారి దృష్టి కొంత మారవలెనని నా అభిప్రాయం. ఈ మాటలో నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను.

అటువంటి పెద్దాయన ఒకరు కొత్త లేతు కొటేషనుతో మా శాఖకు వచ్చారు. “బాబూ, మిషను ఒకటే గోల పెడతంది. జాబు మీద గీతలు పడిపోతన్నాయి. కొత్తది కొనకపోతే గిరాకీ పోద్ది” అన్నారు. తనిఖీకి వెళ్ళాను. పొరుగున ఉన్న ఫిట్టరు ఒకాయన కూడా అక్కడికి వచ్చాడు. అతడు ముందు బెల్టు తప్పించి మోటారును మాత్రమే నడిపించాడు. చప్పుడు లేదు. తరువాత కరెంటు ఆపి, చక్‌ను నా చేత మెల్లగా త్రిప్పించాడు. ఇసుక నమిలినట్లు గరగరమన్నది. బి.యస్సీలో ఘర్షణను గూర్చి పుటల కొద్దీ వ్రాసి మార్కులు తెచ్చుకొన్న నాకు, ఘర్షణ చేతికి ఎట్లు తగులునో ఆనాడే తెలిసినది. చక్‌కు డయల్ గేజి ఆనించి, క్రింద కర్ర పెట్టి పైకెత్తగా ముల్లు కదలినది. బెడ్డు, గేర్లు బాగానే ఉన్నవి. అరిగినవి స్పిండిలు బేరింగులు మాత్రమే.

ఆ ఫిట్టరు లేకపోయినచో నేను కొత్త లేతుకే సిఫారసు వ్రాసి ఉండేవాడిని. నా చేతిలోని పత్రంలో కొత్త యంత్రానికి గడి ఉన్నది, మరమ్మతుకు లేదు. కొన్ని వేలతో తీరే పనికి ఆ పెద్దాయన ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టవలసి వచ్చేది. అయితే ప్రతి పాత లేతుకు ఇదే మందు అనుకోరాదు. బెడ్డు అరిగినా, బేరింగు కూర్చునే చోటే అరిగినా కొత్త బేరింగు నిలువదు. అప్పుడు యంత్రం మార్చడమే మేలు.

మార్చే పనిని తెలిసినవారి చేతనే చేయించండి, కాని దగ్గరుండి చూడండి. పాత బేరింగు అంచున చెక్కిన సంఖ్యను పూర్తిగా వ్రాసుకొనండి. 6205, 30206 వంటి సంఖ్యలలో చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చవేసినచో లోపలి రంధ్రపు కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. మొదటిది 25, రెండవది 30. టేపరు రోలరు బేరింగు అయితే లోపలి భాగం, బయటి కప్పు రెండూ కలిపి మార్చవలెను. కాగితం చుట్ట బిగించే వేళనే విప్పవలెను. షాఫ్టు మీదికి ఎక్కించునప్పుడు బలం లోపలి వలయం మీదనే పడవలెను. బయటి వలయాన్ని సుత్తితో కొట్టినచో ఆ దెబ్బ గుండ్ల మీద పడి, కొత్త బేరింగు మొదటి రోజే చెడుతుంది. వేడి చేయవలసి వచ్చినా 110 డిగ్రీలు దాటరాదు. గ్యాసు మంట అసలే తగలరాదు. గ్రీజు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది అపోహ. నిండా కూరితే అదే వేడెక్కుతుంది. ఇక బిగింపు నట్టు దగ్గరే అనుభవం అవసరం. వదులైతే జాబు మీద అలలు లేస్తాయి, మరీ బిగిస్తే బేరింగు కాలుతుంది. మొదట తక్కువ వేగంతో కొంతసేపు నడిపి, హెడ్‌స్టాకు మీద చేయి వేసి చూస్తూ సరిచేసుకొనవలెను.

డీలరు మిత్రులకు ఒక మాట. అంకెలు కలిసినవి గదా అని ఏ బేరింగైనా ఇచ్చివేయకండి. సంఖ్య ప్రక్కన సి3 అని ఉంటే, అది లోపల ఖాళీ కొంత ఎక్కువ ఉన్న రకం. వేడెక్కే మోటార్లకు అది తగినదే. లేతు స్పిండిలులో ఆ ఖాళీయే జాబును పాడుచేస్తుంది. పేరున్న కంపెనీల పెట్టెలలో నకిలీ సరుకు తిరుగుతున్నదన్నది మీరెరిగినదే. చౌక సరుకు అంటగట్టి బిల్లు ఇవ్వని డీలరు మూలంగా ఒకరి ఉపాధి కొన్ని రోజులు ఆగుతుంది, మా వాయిదా కూడా ఆగుతుంది.

2015లో ప్రారంభమైన ముద్రా పథకం క్రింద యంత్రాలకే గాక నిర్వహణ మూలధనానికి కూడా అప్పు లభిస్తుంది. అందులోని శిశు విభాగం పరిమితి 50 వేల రూపాయలు. లేతుకు అప్పు కోరేటప్పుడే బేరింగులు, బెల్టుల మార్పిడి ఖర్చును అంచనాలో చూపించండి. మేము అడగకపోయినా వ్రాయండి. మరమ్మతు కోసమే శాఖకు వచ్చేవారు పాత బేరింగును, డీలరు ఇచ్చిన అంచనాను వెంట తెచ్చినచో రెండవసారి తిరగవలసిన పని తప్పుతుంది.