కలుపు మందు పేరు కాదు, పనిచేసే చోటు చూడాలి

నూజెండ్ల వంటి పల్నాడు మండలాలలో మొక్కజొన్న వేసే రైతుకు అట్రజిన్ సుపరిచితమైన కలుపు మందు. అయితే అది మొక్కలో ఎక్కడ పనిచేస్తుందో రైతుకు వివరించే ప్రయత్నం ఇంకా చాలినంత జరగడం లేదు.

హరితరేణువులోని థైలకాయిడ్ పొరలో డి1 అనే ప్రోటీన్ ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియలో వెలువడిన ఎలక్ట్రాన్లను ప్లాస్టోక్వినోన్ అందుకునేది ఇక్కడే. అట్రజిన్ ఆ స్థానాన్ని ఆక్రమించగానే ఎలక్ట్రాన్ల ప్రవాహం నిలిచిపోతుంది. వినియోగం కాని కాంతిశక్తి హానికర ఆక్సిజన్ రూపాలను పుట్టించి కణపొరలను ఛిద్రం చేస్తుంది. మొక్కజొన్నలోనూ ఇదే ప్రోటీన్ ఉన్నా, మందును గ్లుటాథయోన్‌తో బంధించి నిర్వీర్యం చేయగలదు గనుక పైరు నిలుస్తుంది.

ట్రయజిన్ మందులకు లొంగని కలుపు గురించి 1970లో అమెరికా నుంచి తొలి నివేదిక వెలువడింది. తోటకూర జాతి కలుపులో ఇందుకు కారణం 1983లో తేలింది. డి1లో 264వ స్థానాన సెరీన్‌కు బదులు గ్లైసిన్ చేరింది. ఆ ఒక్క మార్పుతో మందు పట్టు తప్పింది. ఈ జన్యువు హరితరేణువులోనే ఉన్నందున నిరోధకత ప్రధానంగా తల్లి మొక్క విత్తనం ద్వారానే సంక్రమిస్తుంది. కాబట్టి పిచికారీ తర్వాత మిగిలిన కలుపును గింజ కట్టకముందే పీకివేయాలి.

డబ్బాపై వ్యాపార నామం మారినంత మాత్రాన మందు మారినట్లు కాదు. అంతర్జాతీయ వర్గీకరణలో అట్రజిన్ 5వ వర్గానికి చెందుతుంది. ఈ వర్గ సంఖ్యను డబ్బాలపైనా, సిఫారసు పట్టికలలోనూ తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించాలి. పైరుతో పాటు వర్గాన్నీ మార్చుకునే వీలు రైతుకు అప్పుడే కలుగుతుంది.