కరెంటు చట్టంలో దళితవాడ ఎక్కడ?

2003 నాటి విద్యుత్ చట్టాన్ని మార్చడానికి కేంద్రం మళ్లీ సిద్ధమైంది. 2022లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లి, సభ రద్దుతో మురిగిపోయింది. 2025 అక్టోబరులో కొత్త ముసాయిదా వచ్చింది. ఒకే లైను మీద ఒకటికి మించి కంపెనీలు కరెంటు అమ్మడం, ఫ్యాక్టరీలు, రైల్వేల మీద ఉన్న క్రాస్ సబ్సిడీని ఐదేళ్లలో ఎత్తేయడం అందులో ముఖ్యమైనవి. చట్టం మారాలని మేమూ అంటున్నాం. మా కారణాలు వేరు.

సెక్షన్ 56 చూడండి. బిల్లు కట్టకపోతే కనెక్షన్ తీసేముందు 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కూలి డబ్బు చేతికొచ్చేదాకానో, అప్పు పుట్టేదాకానో పేద కుటుంబానికి దొరికే గడువు అదే. ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ వస్తే ఈ గడువు ఏమవుతుంది? డబ్బు ముందే కడతారు కాబట్టి బకాయి అనేదే ఉండదు, బకాయి లేనప్పుడు నోటీసు ఎందుకని వాదించవచ్చు. బ్యాలెన్స్ అయిపోతే కరెంటు దానంతటదే పోతుంది. లైన్‌మన్‌ను బతిమాలుకునే అవకాశం కూడా ఉండదు. 2020 వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనే ఈ మీటర్లను తెచ్చారు. బిహార్‌లో లక్షల ఇళ్లకు ఇప్పటికే బిగించారు. నిబంధన మారింది, దానికి తగ్గ రక్షణ మాత్రం చట్టంలోకి రాలేదు.

సెక్షన్ 43 ప్రకారం ఇంటి యజమాని అడిగినా, ఆ చోట ఉంటున్నవారు అడిగినా కనెక్షన్ ఇవ్వాలి. కానీ పోరంబోకులోనో చెరువు గట్టునో గుడిసె వేసుకున్నవాళ్లు ఆఫీసుకు వెళ్తే మొదట అడిగేది పట్టా కాగితమే. తరాలుగా భూమి దక్కనివ్వని కులాల దగ్గర ఆ కాగితం ఎక్కడుంటుంది?

దళితవాడ పేరు కరెంటు లెక్కల్లో అసలు లేదనలేం. 2004లో కేంద్రం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఊళ్లోనూ దళిత బస్తీలోనూ ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ఉండాలి, బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్ల కరెంటు ఉండాలి, మొత్తం ఇళ్లలో పది శాతానికి కనెక్షన్ ఉండాలి. అంతే, ఆ గ్రామం విద్యుదీకరణ అయినట్టే. వంద ఇళ్ల ఊళ్లో ఆ పది ఇళ్లూ అగ్రకులాలవే అయినా లెక్క సరిపోతుంది. వాడకు స్తంభం వస్తే చాలు, ఇంట్లో బల్బు వెలగనక్కర్లేదు. 2018 ఏప్రిల్ 28న దేశంలో అన్ని గ్రామాలకూ కరెంటు వచ్చిందని ప్రకటించింది ఈ కొలతతోనే.

1942-46 మధ్య వైస్రాయ్ మండలిలో విద్యుత్ వ్యవహారాలు చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. కరెంటు చవకగా, పుష్కలంగా అందాలన్నది ఆయన వాదన. ఇప్పటి ముసాయిదా భాషలో చవక అనే మాట ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది.

క్రాస్ సబ్సిడీ పోతే ఆ లోటు ఎవరు పూడుస్తారు? సెక్షన్ 65 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వదలచిన రాయితీ సొమ్మును డిస్కంలకు ముందే చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇచ్చే 200 యూనిట్లయినా, తెలంగాణలో గృహజ్యోతి అయినా ప్రభుత్వ ఉత్తర్వు మీద నిలబడినవే, చట్టం మీద కాదు. ఖజానా ఖాళీ అంటే ఉత్తర్వు మారిపోతుంది. గృహజ్యోతిలో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఒకే మీటరు మీద అన్నదమ్ముల రెండు కుటుంబాలు బతికే ఇళ్లు మన వాడల్లో ఎన్ని లేవు!

అందుకే ముసాయిదా మీద మేం అడిగేది ఇది. ప్రీపెయిడ్ అయినా సరే నోటీసు లేకుండా కరెంటు ఆపకూడదని చట్టంలోనే రాయాలి. పట్టా లేనివాళ్లు రేషన్ కార్డో, ఆధారో చూపిస్తే కనెక్షన్ ఇవ్వాలని స్పష్టంగా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీల రాయితీకి చట్టబద్ధత కావాలి. ధరలు తేల్చే నియంత్రణ మండళ్లలో మన ప్రతినిధి ఉండాలన్న నియమం 2003 చట్టంలో లేదు, అది చేర్చాలి.

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుపై ఉద్యమించినవారి మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. చార్జీలు పెంచేముందు నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ జరుపుతాయి, ఎవరైనా తెలుగులో రాసి అభ్యంతరం ఇవ్వొచ్చు. విద్యార్థి మిత్రులారా, ఈసారి విచారణకు వెళ్లేటప్పుడు మీ వాడలో ఎన్ని ఇళ్లకు మీటరు లేదో, ఎన్నింటికి నోటీసు లేకుండా కనెక్షన్ కోశారో ఇంటింటికీ తిరిగి రాసుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.