కోనసీమ మురుగు కాలువకు ఒక హద్దు గీయండి

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి,



తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణాన సముద్రం, నడుమ వైనతేయ. పటంలో కోనసీమ ఒక జిల్లా, నీటి లెక్కలో మాత్రం దీవి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ ఇక్కడికి మంచినీళ్లు వచ్చే పెద్ద దారి అదొక్కటే. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. పొలానికీ, పశువులకూ, వేసవి తాగునీటి చెరువుకూ ఆ ఆనకట్ట కాలువే దిక్కు.

ఇక మురుగు కాలువ సంగతి. రొయ్యల చెరువులో పట్టుబడి రోజున తూము దగ్గర నిలబడి చూడండి. మొదట నీళ్లు పచ్చగా, పలచగా పోతాయి. చివర్లో అడుగున పేరుకున్న నల్లటి బురద, తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జితాలు కలిసి మురుగు కాలువలోకి దిగుతాయి. ముక్కు మూసుకోవాల్సిందే. దిగువ రైతు అదే కాలువకు ఇంజను పెట్టి నీళ్లు తోడుకుంటాడు. పై చెరువు జబ్బు వాడి చెరువుకు చేరుతుంది. అంటే ఈ కాలుష్యానికి మొదట నష్టపోయేది కూడా రొయ్యల రైతే. అతణ్ణి దోషిగా నిలబెట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు.

ప్రమాణాలు లేవని కూడా అనను. స్నానానికి పనికొచ్చే నీటిలో బీవోడీ, అంటే మలినం కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏనాడో చెప్పింది. చిక్కు ఎక్కడంటే, మన నిబంధనలు ఒక్కో చెరువును విడిగా చూస్తాయి. తీరప్రాంత ఆక్వా మార్గదర్శకాల్లో శుద్ధి ఏర్పాటు పెద్ద క్షేత్రాలకే తప్పనిసరి. ఇక్కడ ఎకరం, రెండెకరాల చెరువులే ఎక్కువ. విడివిడిగా చూస్తే అవి ఆ నిబంధన కిందికి రావు, అన్నీ కలిసి మాత్రం మురుగు కాలువను పాడుచేస్తాయి. పట్టణాల సెప్టిక్ ట్యాంకుల మురుగూ అందులోకే.

అందుకే అడుగుతున్నాను. ఒక్కో మురుగు కాలువ ఎంత మలినం మోయగలదో ముందు తేల్చండి. ఆ మొత్తాన్ని చెరువులకూ, పట్టణాలకూ, కర్మాగారాలకూ వాటాలుగా పంచండి. అమెరికాలో 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం కింద చెడిపోయిన ప్రవాహాలకు ఇలాగే పరిమితి కడతారు. హవాయి దీవులకూ అదే పద్ధతి. అక్కడ ఇళ్ల మురుగు గుంతలన్నిటినీ 2050 కల్లా మార్చాలని 2017లో చట్టమే చేశారు. గడువు దూరమే, అయినా గడువంటూ ఒకటుంది.

నమూనాలు వర్షాకాలంలో తీస్తే లాభం లేదు. సాగునీటి కాలువలు కట్టేసిన వేసవిలో, పట్టుబడులు జోరుగా సాగేటప్పుడు, మురుగు కాలువ శివారున తీయండి. ఫలితాలు తెలుగులో లాకుల దగ్గరా, గ్రామ సచివాలయాల దగ్గరా అంటించండి. చిన్న రైతులు పదిమంది కలిసి వాడుకునే, బురద తేర్చే చెరువుకు ప్రభుత్వం చేత సాయం ఇప్పించండి.

కోనసీమంతా ఒకేసారి చేయమనడం లేదు. అమలాపురం చుట్టుపక్కల ఒక్క మురుగు కాలువను ఎంచుకుని, వచ్చే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నమూనాలు తీసి, దాని హద్దు ప్రకటించండి.

ఇట్లు,
కోనసీమ శివారు ఆయకట్టు నుంచి ఒక పౌరుడు